దగ్గరి దారం, దూరపు బోర్డు

సూరత్‌లోని గోడాదరాలో ఒక ఇల్లు ఊహించుకోండి. పదడుగుల గది, దాని ముందు అంతకంటే ఇరుకైన గల్లీ. తండ్రి సాంచాల మీద పన్నెండు గంటల రాత్రి పాళీ ముగించి వచ్చి నిద్రపోతున్నాడు. తల్లి చీర అంచుకు రాళ్లు అంటిస్తోంది. ఆరో తరగతి చదివే కొడుకు ఆమె పక్కన కూర్చుని ఎక్కడ రాయి ఊడిందో, ఎక్కడ పోగు లేచిందో చటుక్కున పట్టిస్తున్నాడు. బడిలో మాత్రం వాడి సంగతి వేరు. బోర్డు మీది లెక్క తప్పుగా రాసుకుంటాడు. పక్కవాడి నోటుపుస్తకంలోకి తొంగిచూసి తిట్లు తింటాడు. ‘కండ్లు మంచిగనే ఉన్నయ్, సదువే అబ్బుతలేదు’ అంటుంది తల్లి. ఇంకో రెండేళ్లు చూసి వాణ్నీ కారఖానాకు తోలేస్తారు.

ఇది ఊహే అయినా వరంగల్, కరీంనగర్, నల్లగొండ, పాలమూరు నుంచి సూరత్ చేరిన నేతకార్మికుల ఇళ్లలో ఎవరికీ కొత్తగా అనిపించదు. గోడాదరా, లింబాయత్, పర్వత్ పాటియాల్లో ఇలాంటి ఇళ్లు గల్లీకొకటి దొరుకుతాయి. ఆ తల్లి అబద్ధమాడటం లేదు. కొడుకు దగ్గరి చూపు నిజంగానే సూదిమొనలా ఉంది. చిక్కంతా అక్కడే. బతుకంతా దారం దగ్గరే గడిచే ఇంట్లో దారం కనబడితే కళ్లు బాగున్నట్టే లెక్క. బోర్డు దూరంగా ఉంటుంది. దాన్ని ఆ ఇంట్లో ఎవరూ చూడరు.

మన జనం ‘సైటు’ అనేది, వైద్యులు హ్రస్వదృష్టి అనేది ఈ లోపాన్నే. సినిమా హాలు గుర్తు తెచ్చుకోండి. యంత్రం నుంచి వచ్చిన వెలుగు సరిగ్గా తెర మీద కలిస్తేనే బొమ్మ స్పష్టంగా ఉంటుంది. తెరను వెనక్కి జరిపితే బొమ్మ దాని ముందే కలిసి, తెర మీదికి వచ్చేసరికి చెదిరిపోతుంది. కంట్లో ఆ తెర పేరు రెటీనా. పుట్టినప్పుడు కనుగుడ్డు పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు. పెద్దయ్యేసరికి 23, 24కు చేరుతుంది. ఎదుగుదల అక్కడ ఆగకపోతే తెర వెనక్కి జరిగినట్టే. ఒక్క మిల్లీమీటరు అదనంగా పెరిగినా అద్దాల నంబరు దాదాపు రెండున్నర, మూడు దాకా పోతుంది. దగ్గరి వస్తువుల బొమ్మ సహజంగానే కాస్త వెనక కలుస్తుంది కాబట్టి ఈ పిల్లలకు పుస్తకం, ఫోను, చీర మీది రాయి బాగానే కనిపిస్తాయి. బోర్డు, బస్సు నంబరు, మైదానంలో అవతలి కొసన ఉన్న బంతి మసకబారతాయి.

ఇంకో రెండు లోపాలున్నాయి. కనుగుడ్డు పొట్టిగా ఉండిపోతే దీర్ఘదృష్టి. పసిపిల్లల కంట్లో కటకాన్ని బిగించే కండరం బలంగా ఉంటుంది కాబట్టి దాన్ని బిగించి చాలామంది నెట్టుకొస్తారు. మూల్యం తలనొప్పి రూపంలో చెల్లిస్తారు. పుస్తకం తీసిన పావుగంటకే కళ్లు నలుపుకోవడం, అక్షరాలు కలిసిపోతున్నాయనడం, చదువంటేనే తప్పించుకు తిరగడం దీని లక్షణాలు. ఇంట్లో దీనికి పెట్టే పేరు బద్ధకం. మూడోది కంటి ముందు పొర వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం వల్ల వచ్చే ఆస్టిగ్మాటిజం. ఇందులో దూరమూ దగ్గరా రెండూ ఎంతోకొంత అలుక్కుపోతాయి. తల పక్కకు వంచి, కళ్లు చికిలించి చూసే పిల్లల్లో ఇది ఉందేమో చూడాలి. నలభై దాటిన తండ్రికి వచ్చే చత్వారం వేరే సంగతి. అది వయసుతో కటకం గట్టిపడటం వల్ల వచ్చేది. తండ్రి కోసం ఫుట్‌పాత్ మీద కొన్న రెడీమేడ్ అద్దాలు కొడుకు పెట్టుకుని చూడటం సరదాగా ఉంటుందేమో కానీ, పిల్లల కళ్లకు ఆ బేరం పనికిరాదు.

ఈ మూడు లోపాలకూ అద్దాలతో చూపు సరిదిద్దవచ్చు, ఏ వయసులోనైనా. గడువు ఉన్నది నాలుగో దానికి. రెండు కళ్ల నంబర్లలో తేడా ఎక్కువగా ఉన్నా, ఒక కన్ను మెల్లగా ఉన్నా, రెండు కళ్లకూ పెద్ద నంబరు ఉండి అద్దాలు లేకపోయినా, మసక బొమ్మ పంపే కంటిని మెదడు క్రమంగా పట్టించుకోవడం మానేస్తుంది. దీన్నే లేజీ ఐ, మందదృష్టి అంటారు. కన్ను పైకి బాగానే ఉంటుంది, మెదడులో ఆ కంటికి దారి పడదు. రెండో కన్ను పనంతా చేసేస్తుంది కాబట్టి బిడ్డకు తెలీదు, తల్లికీ తెలీదు. ఏడెనిమిదేళ్ల లోపు పట్టుకుంటే సరైన అద్దాలు పెట్టి, అవసరమైతే బాగున్న కంటిని రోజుకు కొన్ని గంటలు మూసి, బద్ధకించిన కంటితో పని చేయించవచ్చు. లోపం ఓ మోస్తరుగా ఉన్న ఏడేళ్లలోపు పిల్లలకు రోజుకు రెండు గంటలు మూసినా ఆరు గంటలు మూసినంత ఫలితం ఉంటుందని 2003లో వెలువడిన అమెరికా అధ్యయనం తేల్చింది. పెద్ద పిల్లల్లోనూ కొందరికి మెరుగవుతుంది కానీ, ఏడాది గడిచేకొద్దీ అవకాశం సన్నగిలుతుంది. మెల్లకన్ను అదృష్టమని మనవాళ్లు మురిసిపోయే ఆ నాలుగైదేళ్లే అసలు చికిత్సకు అనువైన కాలం.

కాబట్టి బిడ్డ ఫిర్యాదు చేసేదాకా ఆగకూడదు. పుట్టినప్పటి నుంచీ మసకగానే చూసినవాడికి లోకం మసకగానే ఉంటుందని నమ్మకం. వాడు ఏమని ఫిర్యాదు చేస్తాడు? పదడుగుల గదిలో ఎదుటి గోడే అన్నిటికంటే దూరం, అందులో పరీక్షా తేలదు. మిద్దె మీదికో, వీధి మొగకో తీసుకెళ్లండి. ఒక కన్ను అరచేత్తో మూయించి అవతల దుకాణం బోర్డు మీది అంకెలు, వచ్చే బస్సు నంబరు చదివించండి. తర్వాత రెండో కన్ను. మీకు కనిపించినవి వాడికి కనిపించకపోయినా, ఒక కంటికీ ఇంకో కంటికీ తేడా ఉన్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. చంటిపిల్లల్లో ఒక కన్ను మూస్తే ఊరుకుని రెండోది మూస్తే గింజుకుని ఏడుస్తుంటే అది కూడా సూచనే. ఇది వడపోత మాత్రమే, నంబరు తేల్చేది కాదు. ఇందులో నెగ్గిన బిడ్డకు కూడా బడిలో చేర్చే ముందు ఒకసారి, ఆ తర్వాత ఏటా సరైన పరీక్ష చేయించాలి.

గోడాదరా నుంచి పెద్ద దూరం పోనక్కర్లేదు. నగరపాలక సంస్థ నడిపే స్మిమెర్ ఆసుపత్రి ఉంది, మజూరా గేట్ వైపు న్యూ సివిల్ ఆసుపత్రి ఉంది. రెండూ బోధనాసుపత్రులే. రెండింటిలో కంటి విభాగాలున్నాయి. అయితే అక్కడ మన పిల్లలకు ఎదురయ్యే రెండు అడ్డంకులు ముందే తెలుసుకుంటే మంచిది.

మొదటిది అక్షరాలు. 1862లో డచ్చి వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ తయారుచేసిన పద్ధతిలోనే ఇప్పటికీ ఆరు మీటర్ల దూరం నుంచి చార్టు చదివిస్తారు. 6/18 అని రాశారంటే మంచి చూపున్నవాడు 18 మీటర్ల నుంచి చదివేదాన్ని మీ వాడు ఆరు మీటర్లకు వస్తే గానీ చదవలేడని అర్థం. సూరత్‌లో నగర ప్రాథమిక శిక్షణ సమితి తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. రెండో తరగతి తెలుగు మాధ్యమం పిల్ల ముందు ఇంగ్లిష్ అక్షరాల చార్టో, గుజరాతీ చార్టో పెడితే ఆమె నోరు మెదపకపోవడానికి కారణం చూపో, భాషో ఎవరికి తెలుస్తుంది? అలాంటప్పుడు ‘ఇ’ చార్టు అడగండి. మూడు కాళ్ల ఆ ఇంగ్లిష్ అక్షరం పైకో కిందికో, కుడికో ఎడమకో తిరిగి ఉంటుంది. కాళ్లు ఎటున్నాయో బిడ్డ వేళ్లతో చూపిస్తే చాలు, ఏ భాషా రానక్కర్లేదు. ముందురోజు ఇంట్లో నాలుగు వేళ్లతో ఈ ఆట ఆడించి తీసుకెళ్తే కొత్త చోట బెదరదు.

రెండోది చుక్కల మందు. పిల్లల కంటి కండరం ఎంత చురుకైనదంటే, పరీక్షలో కూడా బిగుసుకుపోయి లేని నంబరును చూపించగలదు, ఉన్నదాన్ని దాచగలదు. అందుకే ఆ కండరాన్ని కాసేపు పడుకోబెట్టే మందు వేసి నంబరు చూస్తారు. పెద్ద పిల్లలకు ఆసుపత్రిలోనే చుక్కలు వేస్తారు. బాగా చిన్నవాళ్లకు అట్రోపిన్ పూతమందు ఇచ్చి మూడు రోజులు ఇంట్లో పెట్టి రమ్మంటారు. ఆ మందు ప్రభావం పోయాక మళ్లీ పిలిచి అద్దాలు రాస్తారు. ఈలోగా వారం, పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు, దగ్గరివి మసకగా కనబడతాయి. ఎండలో కళ్లు జిగేల్‌మంటాయి. ‘మందేసినంక పోరికి చూపే పోయింది’ అని హడలిపోయి మళ్లీ ఆసుపత్రి గడప తొక్కని వాళ్లుంటారు. ఆ మసక తాత్కాలికం. మందు పెట్టాక ఒళ్లు కాలినా, మొహం ఎర్రబడినా మాత్రం ఆపేసి వైద్యుడికి చెప్పాలి. ఇక ప్రతి రాకపోకకూ ఒక పాళీ కూలి పోతుందన్నది అందరికీ తెలిసిన బాధే. మూడోసారి మానేసే ఇంట్లో నిర్లక్ష్యం కంటే ఆ కూలి లెక్కే ఎక్కువ పనిచేస్తుంది. చుక్కలు వేయకుండా యంత్రంలో చూసి ఐదు నిమిషాల్లో నంబరు చేతిలో పెట్టే దుకాణం ఆకర్షణీయంగా కనిపించేది అందుకే. చిన్నపిల్లలకు ఆ నంబరును మొదటి నంబరుగా ఒప్పుకోకండి.

అద్దాలు వచ్చాక అసలు తగవు మొదలవుతుంది. అలవాటు చేస్తే నంబరు పెరుగుతుందని, అందుకే తక్కువ నంబరు రాయించమని పట్టుబట్టే పెద్దలు ప్రతి ఇంట్లో ఉంటారు. మలేసియాలో ఈ పనే చేసి చూశారు. 2002లో ప్రచురించిన ఆ అధ్యయనంలో తక్కువ నంబరు ఇచ్చిన పిల్లలకు సైటు నెమ్మదించకపోగా, పూర్తి నంబరు పెట్టుకున్నవాళ్ల కంటే ఎక్కువ పెరిగింది. నంబరు పెరిగేది బిడ్డ ఎదుగుతున్నందువల్ల, కనుగుడ్డు పొడుగవుతున్నందువల్ల. చొక్కా పొట్టిదైతే తప్పు చొక్కాది కాదు కదా. ఇక క్యారెట్, మునగాకు. పిల్లలకు పెట్టండి, ఎంతో మంచివి. ఎ విటమిన్ లోపిస్తే రేచీకటి వస్తుంది, అది నిజమైన ప్రమాదం. కానీ పొడుగైన కనుగుడ్డును ఏ ఆకూ పొట్టి చేయలేదు. ఫోనులో తిరిగే కంటి వ్యాయామాల వీడియోలు కూడా అంతే. ఆముదం, తేనె, చనుబాలు కంట్లో వేయడం మాత్రం అంత అమాయకమైన పని కాదు, చీము పట్టి కన్నే పోవచ్చు. లేజర్ చికిత్స పద్దెనిమిదేళ్లు నిండి, నంబరు స్థిరపడ్డాకే.

ఆడపిల్లకు అద్దాలు పెడితే సంబంధాలు రావన్న వాదన ఒకటుంది. దీనికి వైద్యపరమైన జవాబు లేదు. చిన్నప్పుడు అద్దాలు దాచిపెట్టిన కన్ను లేజీ ఐగా స్థిరపడితే పెళ్లినాటికి ఏ అద్దమూ దాన్ని బాగుచేయలేదని మాత్రం చెప్పవచ్చు.

సైటు రాకుండా ఆపే మార్గం లేదా? పూర్తిగా లేదు, కొంత ఉంది. ఈ వలస కుటుంబాలకు దాంతో సంబంధం ఉంది. 2002లో వెలువడిన రెండు సర్వేలు పక్కపక్కన పెట్టి చూడండి. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో చేసిన సర్వేలో 7-15 ఏళ్ల పిల్లల్లో హ్రస్వదృష్టి సుమారు 4 శాతం. ఢిల్లీలో 5-15 ఏళ్ల పిల్లల్లో 7 శాతం పైన. ఆ ఢిల్లీలోనే 2015లో ఎయిమ్స్ వైద్యులు ప్రచురించిన బడిపిల్లల సర్వేలో అది 13 శాతం దాటింది. సర్వే పద్ధతులు వేరు కాబట్టి అంకెల్ని అచ్చంగా పోల్చలేం, కానీ దిశ స్పష్టం. పల్లెలో పొలంగట్ల మీద తిరిగిన తండ్రికి రాని సైటు నగరంలో గదిలో పెరిగిన కొడుక్కు వస్తే ఆశ్చర్యం లేదు. ఇద్దరు తల్లిదండ్రులకూ ఉంటే ముప్పు ఎక్కువే అయినా, ఇంటాయన వంశంలో ఎవరికీ లేదు కాబట్టి మా వాడికీ రాదనుకోవడం ఇప్పుడు చెల్లదు.

పుస్తకం, ఫోను, కుట్టుపని లాంటి దగ్గరి పనుల పాత్ర ఎంతన్నదానిపై పరిశోధకుల మధ్య ఇంకా వాదన ఉంది. ఆరుబయటి వెలుతురు గురించి అంత వాదన లేదు. చైనాలోని గ్వాంగ్జౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ బడిలో 40 నిమిషాలు అదనంగా బయట గడిపించారు. మూడేళ్లకు కొత్తగా సైటు వచ్చినవాళ్లు వాళ్లలో 30.4 శాతం, మామూలు బడుల్లో 39.5 శాతం. ఈ ఫలితం 2015లో వెలువడింది. దీనికి తలకిందుల ప్రయోగాన్ని కోవిడ్ చేసింది. అదే దేశంలోని ఫెయ్‌చెంగ్‌లో ఆరేళ్ల పిల్లల్లో 2015-19 మధ్య ఏ ఏడాదీ 5.7 శాతం దాటని హ్రస్వదృష్టి, నెలల తరబడి ఇళ్లలో ఉన్న తర్వాత 2020లో 21.5 శాతంగా తేలింది. చుక్కలు వేయకుండా చేసిన పరీక్షలు కాబట్టి అంకె కొంత ఎక్కువ చూపించి ఉండొచ్చు, అయినా ఆ దూకుడు చిన్నది కాదు. గదిలో ట్యూబులైటు వెలుగు కొన్ని వందల లక్స్‌లు మాత్రమే. బయట చెట్టునీడన కూడా అది వేలల్లో ఉంటుంది. ఆ వెలుగుకు రెటీనాలో విడుదలయ్యే డోపమైన్ కనుగుడ్డు సాగడాన్ని నెమ్మదింపజేస్తుందన్నది ఇప్పటికి బలంగా వినిపించే వివరణ. అంటే మండుటెండలో నిలబెట్టనక్కర్లేదు. ఉదయం, సాయంత్రం, నీడన, రోజుకు రెండు గంటలు. గోడాదరా గల్లీల్లో ఆ చోటు ఎక్కడుందని అడిగితే అది నగరపాలకులు జవాబు చెప్పాల్సిన ప్రశ్న. అంతదాకా మిద్దె ఉంది, బడి ఆవరణ ఉంది. రాళ్లు అంటించే పనికి పిల్లల చేయి అందుకోకపోతే ఆ రెండు గంటలు అక్కడే దొరుకుతాయి.

సైటు వచ్చి, ఏటా వేగంగా పెరుగుతున్న పిల్లలకు రాత్రిపూట వేసే బాగా పలచని అట్రోపిన్ చుక్కలు కొందరిలో ఆ వేగాన్ని తగ్గిస్తాయి. సింగపూర్ వైద్యులు 2012లో 0.01 శాతం మందుతో, తర్వాత హాంకాంగ్ వైద్యులు 0.05 శాతంతో చూపించారు. పరీక్ష కోసం ఇచ్చే మందు దీనికంటే చాలా గాఢమైనది. పేరు ఒకటే కదా అని మిగిలిన ట్యూబు వాడకూడదు. నంబరు ఆరు దాటితే పెద్దయ్యాక రెటీనా ఊడటం, గ్లకోమా వంటి ముప్పులు పెరుగుతాయి కాబట్టి ఈ చికిత్స అవసరమా అని వైద్యుణ్ని అడగడం అత్యాశేమీ కాదు.

ఇంతకీ చదువు సంగతి. పేద పల్లెల బడిపిల్లలకు ఉచితంగా అద్దాలిస్తే లెక్కల మార్కులు పెరిగాయని చైనాలో జరిగిన ఒక పెద్ద ప్రయోగం 2014లో చూపింది. అదే ప్రయోగంలో, చెప్పకుండా తరగతికి వెళ్లి చూస్తే ఉచితంగా అద్దాలు అందినవాళ్లలో సగంకంటే తక్కువమందే వాటిని పెట్టుకుని ఉన్నారు. మన ప్రభుత్వాల శ్రద్ధ అంతా శిబిరం దగ్గర, పంచిన జతల లెక్క దగ్గర ఆగిపోతుంది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటివెలుగు ఊరూరా తిరిగింది. శిబిరం సొంతూరికి వచ్చిన రోజు సూరత్‌లో ఉన్న కుటుంబానికి అది ఒరిగించిందేమీ లేదు. 2013 నుంచి ఉన్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ బడుల పిల్లలను ఏటా ఒకసారి చూడాలి. పిల్లవాడు ఆ రోజు బడికి రాకపోతే, లేదా మధ్యలో ఊరెళ్తే మళ్లీ ఏడాది. ఆ ఏడాది పొడవునా పిల్లల మొహాలు చూసేది ఉపాధ్యాయులే. ఆరు మీటర్ల టేపు, ఒక ‘ఇ’ చార్టు ఉంటే తరగతిని ఒక పూటలో వాళ్లే వడపోయవచ్చు. అద్దాలున్న పిల్ల ఇవాళ ఎందుకు పెట్టుకోలేదని అడగడానికి అవి కూడా అక్కర్లేదు.

కూలి పోకుండా పరీక్ష ఎప్పుడు చేయించాలన్నదానికి సూరత్‌లోనే వీలుంది. దీపావళికి కారఖానాలు మూతపడతాయి, గుజరాత్ బడులకు మూడు వారాల సెలవులు. చుక్కల మందు మసక వచ్చినా బడి పోదు, తండ్రి పాళీ పోదు. పండగ రోజుల్లో ఆసుపత్రి ఓపీ కూడా మూసేస్తారు కాబట్టి ఏ రోజు తెరుస్తారో ముందే కనుక్కోండి. ఊరెళ్లేవాళ్లు వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో చూపించుకోవచ్చు, కాకపోతే మందు ప్రభావం పోయాక జరిగే రెండో పరీక్షకూ సరిపడా రోజులు అక్కడ ఉండేలా చూసుకోవాలి. నంబరు రాసిచ్చిన కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ అంకెలు ఏ ఊళ్లోనైనా ఒకటే, ఆటలో అద్దం పగిలిన మర్నాడే కొత్తది చేయించవచ్చు.